ఎముకకి ఎండా కావాలి, బరువూ కావాలి

(శ్రీకాకుళంలో పెద్దలు కలుసుకునే ఒక ఆదివారం సాయంత్రపు సమావేశంలో ఎముకల డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే.

నన్ను విటమిన్ డి మీద మాట్లాడమని పిలిచారు. ఇవాళ్రేపు శ్రీకాకుళంలో విటమిన్ డి గురించి తెలియని మనిషి లేడు. నడుం నొప్పంటే డి, మోకాలు నొప్పంటే డి, జుట్టు ఊడితే డి, నిద్ర పట్టకపోతే డి. మెడికల్ షాపుకెళ్లి "వారానికోటి ఏసుకునే ప్యాకెట్ ఇయ్యి బావూ" అని అడిగేవాళ్లని రోజూ చూస్తున్నాను. అంచేత దాన్ని మీకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఎముకనే పరిచయం చెయ్యాలి.

ఎముకంటే మనలో చాలామందికి లోపల నిలబెట్టిన కర్రలాంటిదని ఒక ఊహ. అది బతికున్న పదార్థం. మన చిన్నప్పుడు వానలు పడేముందు పెంకుటిల్లు నేయించేవారు, గుర్తుందా? పగిలిన పెంకులు తీసేసి, పనికొచ్చేవి సర్ది, కొత్తవి వేసేవారు. ఎముకలోనూ ఆ పని ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటుంది. ఒక జట్టు కణాలు పాత ఎముకని తవ్వి తీసేస్తాయి, ఇంకో జట్టు ఆ గోతిలో కొత్త ఎముక పోస్తుంది. సుమారు పదేళ్లకి మనిషి అస్థిపంజరం మొత్తం కొత్తదైపోతుంది. ఇప్పుడు ప్రశ్నేంటంటే, ఎక్కడ ఎంత పొయ్యాలో ఆ కణాలకి ఎవరు చెబుతారు?

బరువు చెబుతుంది. జూలియస్ వుల్ఫ్ అని ఒక జర్మన్ సర్జన్ 1892లో ఈ సంగతి పుస్తకంగా రాశాడు. ఎముక మీద ఏ వైపు నుంచి ఎంత భారం పడుతోందో, ఎముక దానికి తగ్గట్టు తన్ను తాను కట్టుకుంటుందని. టెన్నిస్ ఆడేవాళ్ల చేతులు ఎక్స్‌రే తీస్తే బ్యాటు పట్టుకునే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే లావుగా ఉంటుంది. మనిషొకడే, తిండొకటే, రక్తంలో విటమినొకటే.

దీనికి తిరగేసిన ఉదాహరణ అంతరిక్షంలో ఉంది. వ్యోమగాములు అక్కడ తేలుతూ ఉంటారు కదా, కాళ్ల మీద బరువు పడదు. నెలకి తుంటి ఎముక 1 నుంచి 1.5 శాతం కరిగిపోతుంది. వాళ్లకి తిండికి లోటా? లేదు. విటమిన్ డి మాత్రలు కూడా ఇస్తారు. అయినా కరుగుతుంది. అందుకే అక్కడ రోజూ బరువులు లాగే యంత్రం మీద వాళ్లచేత కసరత్తు చేయిస్తారు. అది చేసినవాళ్లకి నష్టం బాగా తగ్గింది. ఈ ఒక్క ముక్క ఇవాళ ఇంటికి పట్టుకెళ్లండి: మాత్ర ఉండీ బరువు లేకపోతే ఎముక నిలవదు.

బరువుల మాట శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పడమేంటి? వీరఘట్టంలో పుట్టిన మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడు మనవాడు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ స్త్రీ. పక్కన నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు ఈనాటికీ బరువులెత్తుతున్నారు. అలాంటి నేల మీద నా దగ్గరికొచ్చే తల్లులు "అమ్మాయి చేత బిందె ఎత్తనివ్వం డాక్టరుగారూ, ఎముకలు సన్నం" అంటారు. ఎత్తనివ్వకపోతే సన్నంగా కాక ఎలా ఉంటాయమ్మా? (నవ్వులు)

ఒక పెద్దమ్మ గురించి చెబుతాను. ఆమదాలవలస వైపు పల్లె. భర్త పోయాక కొడుకు టౌనుకి తెచ్చుకున్నాడు. మంచి కొడుకు, కోడలూ మంచిదే. మూడో అంతస్తులో ఫ్లాటు. "నువ్వేటీ ముట్టుకోకమ్మా, ఇన్నాళ్లు కష్టపడ్డావు, కూకో" అన్నారు. ఊళ్లో ఉన్నప్పుడు ఆవిడ పొద్దేంటి? తెల్లారి లేచి పశువుల శాల ఊడ్చి పేడ తట్ట నెత్తిన పెట్టుకుని గెత్తం దాకా వెళ్లడం, బోరింగు దగ్గర నీళ్లు కొట్టడం, పొలానికి అంబలి పట్టుకెళ్లడం, మధ్యాహ్నం కళ్లంలో నువ్వులు చెరగడం. ఇప్పుడు హాలు, టీవీ, బాల్కనీకి దోమల మెష్. లిఫ్ట్ అంటే భయం, మెట్లంటే మోకాలు నొప్పి, అంచేత కిందకి దిగడమే లేదు. రెండేళ్లు తిరక్కుండా బాత్రూంలో తడి టైల్స్ మీద జారింది. తుంటి విరిగింది. ఆపరేషన్ టేబుల్ మీద ఆవిడ నాతో అన్నమాట: "పొలం గట్టు మీద ఎన్నిమాట్లు పడ్డానో బావూ, ఎప్పుడూ ఇరగనేదు. ఇంట్లో పడితే ఇరిగిపోనాది."

ఆవిడ లేచి నడిచింది, అదృష్టం. తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు ఏడాది తిరిగేసరికి ఉండరు. ఎముక వల్ల కాదు, మంచం పట్టి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, పుళ్లు పడి. ఆ కొడుకు తప్పు ఏమీ చెయ్యలేదు, తల్లిని సుఖపెట్టాలనుకున్నాడు. మనందరం ఇళ్లల్లో చేస్తున్నది అదే.

ఇప్పుడు ఎండ సంగతికి వద్దాం. ఇంటిపట్టున ఉండడానికీ ఎముకకీ సంబంధం ఉందని పాశ్చాత్యులకి పొగ కమ్మిన వాళ్ల పట్టణాలు నేర్పాయి. 1822లో పోలెండు డాక్టరు ఒకాయన వార్సా పట్టణం పిల్లలకి దొడ్డికాళ్లు వస్తున్నాయి, చుట్టుపక్కల పల్లెల పిల్లలకి రావట్లేదని గమనించాడు. కానీ నాకిష్టమైనది మన దేశంలోనే జరిగిన పని. నాసిక్‌లో హచిసన్, షా అని ఇద్దరు డాక్టర్లు చూసి 1922లో ప్రచురించారు. పాలు, నెయ్యి తినే పెద్దింటి వాళ్లలో, ఘోషా పాటించే ఇళ్లల్లో, ఆడవాళ్లకీ చంటిపిల్లలకీ ఎముకలు మెత్తబడే జబ్బు ఎక్కువ. రొట్టె ముక్క తిని బిడ్డని చంకనేసుకుని పొలంలో పనిచేసే కూలి జనంలో అది అరుదు. తిండి బాగున్నవాడికి జబ్బు, తిండి లేనివాడికి ఎముక. నూరేళ్ల కిందటి మాట ఇది. ఇప్పుడేమైంది? ఘోషా అందరికీ వచ్చింది. పేదవాడికి కూడా. పలాసలో జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లని చూడండి. పొద్దున్న లోపలికి వెళ్లి చీకటి పడ్డాక బయటికొస్తారు, రోజంతా పీట మీద కూర్చునే పని. ఎండా లేదు, నడకా లేదు.

చర్మంలో ఒక రకం కొవ్వు పదార్థం ఉంటుంది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం తగిలితే అది విటమిన్‌గా మారడం మొదలవుతుంది. తర్వాత కాలేయంలో ఒక మార్పు, ఆఖరుది మూత్రపిండంలో. ఈ కిడ్నీ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. ఆ 'బి' కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు. అద్దం వెనక కూర్చుంటే వేడి వస్తుంది, వెలుతురు వస్తుంది, రంగు కూడా తగ్గుతుంది, డి మాత్రం రాదు. బట్టల షాపులో అద్దాల వెనక రోజంతా ఎండ పడే కౌంటర్లో కూర్చునే షావుకారు ఒకాయన "నాకు లోపమేంటండీ, ఎండలోనే ఉంటాను కదా" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

ఇంకోటి. మనం అరసవల్లి సూర్యనారాయణ స్వామి పక్కన ఉన్నవాళ్లం. మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి దణ్ణం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. కానీ ఆ లేత ఎండ ఎముకకి పనికిరాదు. పొద్దున్న సూర్యుడు ఏటవాలుగా ఉంటాడు, ఆ కిరణం గాలి పొరల్లో చాలా దూరం నడిచి రావాలి, 'బి' భాగం దారిలోనే ఆగిపోతుంది. "లేత ఎండలో విటమిన్ డి" అని వాట్సాప్‌లో తిరుగుతుంది చూశారూ, అది సగం తప్పు. వాకింగ్‌కి లేత ఎండ మంచిది. విటమిన్‌కి చాలదు.

మరి ఎప్పుడు? గడియారం అక్కర్లేదు, మీ నీడ చూడండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఎండలో 'బి' ఉన్నట్టు. నీడ మీ కంటే పొడుగ్గా ఉంటే దాదాపు లేనట్టే. శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అంచేత మనకి డిసెంబరు నెలాఖరులో కూడా మిట్ట మధ్యాహ్నం నీడ మనకంటే పొట్టిగానే ఉంటుంది, కాకపోతే 11 నుంచి ఒంటిగంట దాకా మాత్రమే. మే నెలలో 9 గంటలకే పొట్టి అయిపోతుంది. మే మధ్యలో ఒకరోజు, జులై నెలాఖరులో ఒకరోజు నీడ కాళ్ల కిందకే వచ్చేస్తుంది. అయ్యా, అమ్మా, మే నెలలో 12 గంటలకి మేడ ఎక్కమని చెప్పట్లేదు, వడదెబ్బ తగిలితే నా పేరు చెప్పకండి. (నవ్వులు) వేసవిలో తొమ్మిది, తొమ్మిదిన్నర. చలికాలంలో పదకొండు దాటాక. మోచేతుల దాకా, మెడ, కాళ్లు తగిలేలా ఇరవై నిమిషాలో అరగంటో, వారంలో సగం రోజులు. మన రంగు చర్మానికి తెల్లవాళ్ల కంటే ఎక్కువ సేపు పడుతుంది. డెబ్బై దాటినవాళ్ల చర్మం తయారుచేసేది ఇంకా తక్కువ, వాళ్లకి చిన్న మోతాదులో మాత్ర అవసరమే కావచ్చు.

ఎండ ఒక్కటే ఉంటే చాలా అంటే అదీ కాదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో మన రాష్ట్రం జనం మీదే పరీక్షలు చేశారు. పొలం పని చేసే పల్లెవాళ్లకి పట్టణం వాళ్ల కంటే విటమిన్ ఎక్కువే ఉంది, కానీ వాళ్లలోనూ చాలామందికి చాలినంత లేదు. తిండిలో కాల్షియం బాగా తక్కువైనప్పుడు ఒళ్లు ఉన్న డిని కూడా తొందరగా ఖర్చు పెట్టేస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మన చోళ్లలో, అంటే రాగుల్లో, 100 గ్రాములకి సుమారు 350 ఉంది. బియ్యంలో దాదాపు ఏమీ లేదు. చోడి అంబలి మానేసి మూడు పూటలా పాలిష్ బియ్యం ఎప్పుడు మొదలెట్టామో ఆలోచించుకోండి. నువ్వుల చిమ్మిలి, మునగాకు, తోటకూర, పెరుగు. ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు అయితే ఇంకా మేలు, తినేవాళ్లకి.

ఆడపిల్లల విషయం దగ్గర కాసేపు ఆగాలి. పెద్దయ్యాక ఉండే ఎముకలో సుమారు నాలుగో వంతు, ఎదిగే వయసులో ఒక రెండేళ్లలోనే చేరుతుంది. ఆడపిల్లలకి అది పన్నెండు, పదమూడేళ్ల ప్రాంతం. ఆ రెండేళ్లు తొక్కుడుబిళ్ల, తాడాట, పరుగు, గెంతడం ఉండాలి. ఎముకకి గెంతులు చాలా ఇష్టం. మనమేం చేస్తున్నాం? గ్రౌండ్ లేని స్కూల్లో వేసి, అక్కడి నుంచి ట్యూషన్‌కి పంపి, ఎండలోకి వెళ్తే రంగు తగ్గిపోద్ది అని గొడుగిస్తున్నాం. ఇంటరు హాస్టలైతే చెప్పక్కర్లేదు. వాళ్లకి కూడబెట్టే వయసు అది. ముప్పై దాటాక చేరేది చాలా తక్కువ, ఉన్నది కాపాడుకోవడమే.

ఆ తర్వాత గర్భసంచి. ఈ మాట సభలో అనకూడదంటారు, కానీ ఎముకల డాక్టరు అనకపోతే ఎవరంటారు? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం. దేశంలోకెల్లా పైవరసలో మనమే. అవసరమై తీసేవి ఉంటాయి, కాదనను. "పిల్లలైపోయారు, ఇంకెందుకు" అని తీయించేసేవీ ఉన్నాయి. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకని కాపాడే హార్మోను ఆ రోజే ఆగిపోతుంది. యాభై ఏళ్లకి మొదలవ్వాల్సిన నష్టం ముప్పై అయిదుకే మొదలు. నలభై అయిదేళ్ల మనిషి వెన్నుపూస నొక్కుకుపోయి వస్తే ముందు నేనడిగేది ఇదే: "ఆపరేషన్ అయిందా అమ్మా, ఏవేం తీశారు?" చాలామందికి ఏవి తీశారో తెలియదు. కాగితం దాచుకోండి.

ఇప్పుడు మాత్రలు. నిజంగా లోపం ముదిరి ఎముక మెత్తబడినవాళ్లు ఉంటారు. ముంగాలు మీద బొటనవేలితో నొక్కితే అబ్బా అంటారు, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు, అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. వాళ్లకి మందు ఇస్తే రెండు మూడు నెలల్లో మనిషి మారిపోతుంది. దానికి మించిన సంతోషం మా వృత్తిలో తక్కువ. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతి వేరు. అమెరికాలో 25,871 మంది మీద, రోజుకి 2000 యూనిట్ల చొప్పున ఇచ్చి, అయిదేళ్లు చూశారు. 2022లో ఫలితం వచ్చింది: ఎముకలు విరగడం తగ్గలేదు. ఇంకా ముందు, 2010లో, ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్లకి ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. తీసుకోనివాళ్ల కంటే తీసుకున్నవాళ్లే ఎక్కువగా పడ్డారు, ఎక్కువగా విరగ్గొట్టుకున్నారు. మన దగ్గర "సూది ఏసీ బావూ" అంటే 6 లక్షల యూనిట్ల ఇంజక్షను తీసి వేసేసేవాళ్లున్నారు. 60,000 యూనిట్ల ప్యాకెట్ మామూలుగా వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. దాన్ని రోజుకొకటి చొప్పున నెలల తరబడి వేసుకుని వాంతులు, మలబద్ధకం, మతిమరుపుతో వచ్చినవాళ్లని చూశాను. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. ఎండలో ఎంతసేపున్నా ఆ ప్రమాదం లేదు, ఎక్కువైనదాన్ని చర్మమే విరిచేస్తుంది.

కిడ్నీ అన్నాను. కిడ్నీ జబ్బు ఎక్కువున్న మన ఉద్దానం నుంచి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? కవిటి, సోంపేట, కంచిలి... ఉన్నారు. మీరు ఇది జాగ్రత్తగా వినాలి. విటమిన్ డి ఆఖరి మార్పు కిడ్నీలో జరుగుతుందన్నాను. కిడ్నీ పాడైతే మామూలు డి ఎంత వేసుకున్నా పనిచేసే రూపంలోకి చాలినంత మారదు. ఎముక లోపల్నుంచి గుల్లవుతుంది, నడుం నొప్పి, కాళ్ల నొప్పి మొదలవుతాయి. నొప్పి కాబట్టి ఊళ్లో డాక్టరు దగ్గర నొప్పి సూది, నొప్పి బిళ్ల. ఆ నొప్పి బిళ్లలే కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీ ఇంకా తగ్గితే ఎముక ఇంకా గుల్ల. నొప్పి ఇంకా ఎక్కువ, బిళ్ల ఇంకా ఎక్కువ. ఉద్దానంలో జబ్బుకి మూలకారణం ఇప్పటికీ తేలలేదు, అది శాస్త్రవేత్తల పని. ఈ చక్రాన్ని ఆపడం మాత్రం మన చేతుల్లో ఉంది. ఉద్దానం మనిషి నడుం నొప్పని వస్తే ఎక్స్‌రే కంటే ముందు రక్తంలో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చూడాలి. అది చూడకుండా డి ప్యాకెట్టూ కాల్షియం బిళ్లా నొప్పి సూదీ మూడూ కలిపి ఇచ్చేస్తే, ఎవరిచ్చినా సరే, అది వైద్యం కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి డిలో వేరే రకం ఉంటుంది, ఎంతివ్వాలో కిడ్నీ డాక్టరే చెప్పాలి.

అధ్యక్షులవారు టైము చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మొన్న ఉచిత శిబిరంలో మడమ పెట్టి చూసి ఎముక బలం తక్కువన్నారు. మందు వాడాలా?)

మడమ యంత్రం అల్ట్రాసౌండ్. మందు మొదలెట్టడానికి అది చాలదండీ. తుంటికీ వెన్నుకీ డెక్సా అనే స్కాన్ చేయించాలి. అందులో టి స్కోరు మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే గుల్లబారినట్టు. శిబిరం పెట్టినవాళ్లే అదే టేబుల్ మీద డబ్బా కూడా అమ్మితే మీరే ఆలోచించుకోండి.

(ప్రశ్న: వయసు డెబ్బై మూడు. బరువులెత్తమంటే ఎలా?)

మిమ్మల్ని మల్లేశ్వరి అవ్వమనలేదు నాన్నగారూ. (నవ్వులు) కుర్చీలో కూర్చుని చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి, కూర్చోండి. పదిసార్లు. వస్తే రోజుకి రెండు పూటలా చెయ్యండి. రాకపోతే మొదట చేతుల కింద ఆనుకుని మొదలెట్టండి. మెట్లకి పిట్టగోడ ఉంటే పట్టుకుని ఒక అంతస్తు ఎక్కండి. ముందుకి వంగి నేల మీంచి బరువు లాగొద్దు, వెన్నుపూసకి మంచిది కాదు. బాత్రూంలో గోడకి పట్టుకోడానికి స్టీలు రాడ్డు వేయించండి, ఈ ఆదివారమే.

(ప్రశ్న: మా కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తుంది రోజూ. చాలా?)

ఎన్నింటికి ఆరేస్తుంది? ఏడింటికా? నీడ పొడుగ్గా ఉంటుంది. వేసవిలో తొమ్మిదిన్నరకి, చలికాలంలో పదకొండు దాటాక మార్చమనండి. తడి బట్టల బకెట్ మోసుకుని మెట్లెక్కుతుంది కాబట్టి బరువు కూడా అయిపోతుంది. వాషింగ్ మెషిన్ డ్రయ్యర్ మాత్రం కొనివ్వకండి. మీరు కూడా ఆవిడతో వెళ్లి సగం బట్టలు ఆరెయ్యండి, మామగారు ఆరేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.